చెప్పులు కుట్టిన చేతులతోనే

తోలుపని ఈమధ్య పట్టణాల్లో ఒక హాబీగా మారింది. తోలుకు చిల్లు పొడిచే ఆరె, అంచులు కోసే కత్తి, రెండు సూదులు, మైనం రాసిన దారం, జానెడు తోలు ముక్క ఒక చిన్న పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. సెలవు రోజున యువతీయువకులు తీరిగ్గా కూర్చుని పర్సో, బెల్టో, బైబిలుకు తొడుగో సొంతంగా కుట్టుకుంటున్నారు. చేత్తో ఒక వస్తువు చేసుకోవడంలోని ఆనందం వారికి తెలుస్తోంది. సంతోషించదగిన విషయమే. అయితే మన సంఘాల్లోనే, తమ తాతముత్తాతలు ఇదే పని చేసి బతికారని చెప్పుకోవడానికి నోరు రాని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఒకరికి సరదా అయిన పని మరొకరికి దాచుకోవలసిన సంగతి ఎందుకైంది? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకుని, ఈ వారం మనం విలియం కేరీ జీవితాన్ని ధ్యానిద్దాం.

కేరీ అనగానే ఆధునిక మిషనరీ ఉద్యమానికి పితామహుడని, బైబిలును అనేక భారతీయ భాషల్లోకి తెచ్చిన పండితుడని మనకు గుర్తొస్తుంది. సండేస్కూలు పిల్లలు కూడా ఆ మాట చెప్పగలరు. చెప్పులు కుట్టినవాడన్న సంగతిని మాత్రం చాలామంది బోధకులు ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోతారు. ఎక్కడో కింద ఉన్నవాణ్ణి దేవుడు పైకి తెచ్చాడని చెప్పడానికి అదొక మెట్టుగా మాత్రమే వాడుకుంటారు. మేము ఆయన జీవితాన్ని చదివిన కొద్దీ మరో సంగతి గ్రహించాం. ఆ తోలుపని ఆయన దాటి వచ్చిన గుంట కాదు, దేవుడు ఆయనను చేర్చిన మొదటి పాఠశాల.

విలియం కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లాండులోని నార్తాంప్టన్‌షైర్ ప్రాంతంలో, పాలర్స్‌పరీ అనే చిన్న పల్లెలో పుట్టాడు. తండ్రి ఎడ్మండ్ మగ్గం నేసేవాడు. విలియంకు ఆరేళ్ళ వయసప్పుడు ఆయన ఆ ఊరి బడి పంతులయ్యాడు. ఐదుగురు పిల్లల్లో విలియం పెద్దవాడు. మొక్కలన్నా, పురుగులన్నా, పిట్టలన్నా ఆ పిల్లవాడికి ప్రాణం. పొలం పనికో, తోటపనికో వెళ్ళాలని ఉండేది గానీ, ఎండ తగిలితే చర్మం తట్టుకోలేని జబ్బు ఒకటి అతణ్ణి వేధించింది. చివరికి నీడపట్టున చేసే పని వెతికి, పద్నాలుగేళ్ళ ప్రాయంలో పిడ్డింగ్టన్ అనే ఊళ్ళో క్లార్క్ నికల్స్ అనే బూట్ల పనివాడి దగ్గర చేర్చారు. ఎండకు ఓర్వలేని ఆ చర్మంతోనే తరవాత బెంగాలు ఎండల్లో నలభై ఏళ్ళు గడపవలసి వస్తుందని ఆనాడు ఎవరూ ఊహించలేదు.

నార్తాంప్టన్‌షైర్ ఆ రోజుల్లోనే బూట్లకు పేరుమోసిన ప్రాంతం. మేత బీళ్ళ నిండా పశువులుండేవి. తోలు ఊనడానికి కావలసిన ఓక్ చెట్ల బెరడు, నీరు సమృద్ధిగా దొరికేవి. పచ్చి తోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఆ బెరడు రసం నింపిన గుంటల్లో ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం ఊనేవారు. మన పల్లెల్లో లందల్లో తంగేడు చెక్కతో, కరక్కాయతో చేసినదీ ఆ పనే. చెట్టు వేరు, ఊరు వేరు, అంతే. తొందరపడి తీసిన తోలు నాలుగు రోజుల్లో కుళ్ళిపోతుంది. ఓపికగా ఊనిన తోలు తరం నిలుస్తుంది.

ఊనిన తోలు బూట్ల పనివాడి చేతికి వచ్చాక మరో పని మొదలవుతుంది. అడుగు అట్టకు వాడే మందపాటి తోలును నీళ్ళలో నానబెట్టి, ఒళ్ళో ఒక నున్నటి రాయి పెట్టుకుని, దాని మీద సుత్తితో దట్టంగా అయ్యేదాకా కొట్టాలి. పైతోలును పాదం ఆకారంలో చెక్కిన కట్టె అచ్చు మీద లాగి బిగించాలి. ఆ తరవాత కుట్టు. మైనం రాసిన దారం రెండు కొనలకూ పంది ముళ్ళవెంట్రుకలు అతికిస్తారు. ఆరెతో ఒక చిల్లు పొడుస్తారు. ఆ ఒక్క చిల్లులోంచే రెండు కొనలనూ ఎదురెదురుగా దూర్చి, రెండు చేతులతో లాగి బిగిస్తారు. హాబీగా నేర్చుకునేవారికి నేటికీ మొదట నేర్పేది సూదులతో వేసే ఈ కుట్టే. దీనిలో ఒక గొప్ప గుణం ఉంది. ఒకచోట ఒక దారం తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది, కుట్టంతా ఊడిపోదు. ఒక జత బూట్లకు ఇలాంటి కుట్లు కొన్ని వందలు వేయాలి. ఒక్కటి వదిలేస్తే అక్కడే నీరు దూరుతుంది. కేరీ యౌవనమంతా ఈ పనిలోనే గడిచింది.

ఆ అంగట్లోనే అతని ఆత్మీయ జీవితం కూడా మలుపు తిరిగింది. తోటి పనివాడు జాన్ వార్ భక్తిగల కుర్రవాడు. ఇద్దరూ తోలు కొడుతూ, కుడుతూ వాదించుకునేవారు. వాదనలో ఎప్పుడూ కేరీదే పైచేయి. అయినా తన మాట నెగ్గింది గానీ తన బతుకు నెగ్గలేదని అతని మనస్సాక్షి పొడిచేది. ఆ రోజుల్లోనే ఒక సంగతి జరిగింది. క్రిస్మస్ సమయంలో పని నేర్చుకునే కుర్రవాళ్ళకు ఊళ్ళోని వ్యాపారులు చిల్లర బహుమానంగా ఇచ్చే వాడుక ఉండేది. ఇనుప సామాను అమ్మే ఒకాయన ఆరు పెన్నీలు కావాలా, షిల్లింగు కావాలా అని కేరీని అడిగాడు. ఆశపడి షిల్లింగు తీసుకున్నాడు. అది చెల్లని నాణెం! తన కోసం ఏవో కొనుక్కోబోయినప్పుడు గానీ ఆ సంగతి తెలియలేదు. యజమాని డబ్బు అతని దగ్గరే ఉంది. అందులోంచి మంచి షిల్లింగు తీసి వాడుకుని, చెల్లనిది యజమానికి వచ్చిన డబ్బులోనే ఉందని అబద్ధమాడదామనుకున్నాడు. దారి పొడుగునా, ఈ ఒక్కసారి తప్పించమని దేవునికి ప్రార్థన కూడా చేశాడు! దేవుడు తప్పించలేదు. యజమాని విచారించాడు, సంగతి బయటపడింది. ఆ కుర్రవాడు కొంతకాలం సిగ్గుతో నలుగురిలోకి రాలేకపోయాడు. చెల్లని నాణెం అంగట్లో లేదు, తన లోపలే ఉందని గ్రహించి క్రీస్తు దగ్గరకు వచ్చాడు. ఈ సంగతిని పెద్దవాడయ్యాక ఆయనే దాచకుండా చెప్పుకున్నాడు.

నికల్స్ దగ్గర ఉన్న కొద్ది పుస్తకాల్లో కొత్త నిబంధన వ్యాఖ్యానం ఒకటి ఉండేది. అందులో అక్కడక్కడా వింత అక్షరాలు కనిపించేవి. అవి గ్రీకు అక్షరాలు. ఎవరినడిగితే తెలుస్తుంది? కేరీ ఆ అక్షరాలను ఉన్నవి ఉన్నట్లు కాగితం మీద దించుకుని, సొంత ఊరికి వెళ్ళినప్పుడు అక్కడ కొంత చదువుకున్న ఒక నేతపనివాడికి చూపించి అర్థం తెలుసుకునేవాడు. అలా మొదలైంది ఆయన గ్రీకు చదువు. పక్కన పుస్తకం తెరిచిపెట్టుకుని, చేతులు కుడుతుంటే కళ్ళు చదువుతుండగా, క్రమంగా లాటిను, హీబ్రూ, డచ్చి, ఫ్రెంచి భాషలు నేర్చుకున్నాడు. ఏ విశ్వవిద్యాలయం గడపా తొక్కలేదు.

1779లో నికల్స్ చనిపోయాక కేరీ హ్యాకిల్టన్‌లో థామస్ ఓల్డ్ అనే పనివాడి దగ్గర చేరాడు. 1781 జూన్ 10న డొరోతీ ప్లాకెట్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆమెకు చదువు లేదు. పెళ్ళి పుస్తకంలో సంతకానికి బదులు గుర్తు పెట్టింది. కొంతకాలానికి ఓల్డ్ చనిపోయాడు. అంగడి భారమే కాక, అతని భార్యాబిడ్డల పోషణ కూడా ఇరవై రెండేళ్ళ కేరీ భుజాల మీద పడింది. అంతలో తన మొదటి బిడ్డ జ్వరంతో కన్నుమూసింది. అదే జ్వరం తనకూ వచ్చి, బతికి బయటపడ్డాడు గానీ జుట్టు ఊడిపోయింది. ఈ కష్టాల నడుమ, 1783 అక్టోబరు 5న, నార్తాంప్టన్ పక్కన ప్రవహించే నెన్ నదిలో బాప్తిస్మం పొందాడు. ఇచ్చిన పాదిరి జాన్ రైలాండ్‌కు ఆనాడు కనబడినది, కూలికి బూట్లు కుట్టే ఒక పేద యువకుడు మాత్రమే.

1785లో మౌల్టన్ అనే ఊరికి వెళ్ళి అక్కడ బడి నడిపాడు, చిన్న సంఘానికి కాపరి కూడా అయ్యాడు. బడి వల్లా, సంఘం వల్లా వచ్చేది పొట్టకు చాలదు. కాబట్టి బూట్లు కుట్టడం మానలేదు. కుట్టిన బూట్లు సంచిలో వేసుకుని, భుజాన మోసుకుంటూ పట్టణానికి నడిచి వెళ్ళి అప్పగించి, కొత్త తోలు తెచ్చుకునేవాడు. పిల్లలకు భూగోళం నేర్పడానికి రంగురంగుల తోలు ముక్కలు కలిపి కుట్టి ఒక గోళం తయారుచేశాడని చెబుతారు. తాను పనిచేసుకునే చోట కాగితాలు అతికించి, చేత్తో గీసిన పెద్ద ప్రపంచపటాన్ని గోడకు తగిలించుకున్నాడు. ఏ దేశంలో జనం ఎందరో, వారి మతమేమిటో, సువార్త అందిందో లేదో ఆ పటం మీదే రాసుకునేవాడు. కెప్టెన్ కుక్ సముద్రయానాల పుస్తకం చదివి, ఆ దూరదేశాల ప్రజల కోసం కుట్టుపని చేస్తూనే ప్రార్థించేవాడు. అతని చేతిలో తోలు ఉండేది, కళ్ళ ముందు లోకం ఉండేది.

కెట్టరింగ్‌లో థామస్ గాచ్ అనే బూట్ల వ్యాపారి ఉండేవాడు. ఆయన దగ్గరే కేరీ పని తీసుకునేవాడు. ఈ కుర్రవాడి చదువు సంగతి తెలిసి, బూట్లు కుట్టడం మాని చదువుకొమ్మని వారానికి పది షిల్లింగులు ఇవ్వసాగాడు. ఒక తోలు వ్యాపారి చూపిన ఈ దాతృత్వం లేకపోతే ఎన్ని భాషలు బైబిలు కోసం ఇంకా ఎదురుచూసేవో! వేదిక ఎక్కి బోధించేవారే కాదు, వారి పొయ్యి వెలిగేలా చూసేవారు కూడా సువార్తలో పాలివారేనని మన వ్యాపారస్తులైన విశ్వాసులు గుర్తుంచుకోవాలి.

1789లో కేరీ లెస్టర్ పట్టణంలోని సంఘానికి కాపరిగా వెళ్ళాడు. 1792లో ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. అన్యదేశాల ప్రజలకు సువార్త చేర్చడం క్రైస్తవుల బాధ్యతా కాదా అన్నది దాని విషయం. దేశాల విస్తీర్ణం, జనాభా, మతం వివరంగా పట్టికలు వేసి, బాధ్యతేనని నిరూపించాడు. కొద్దిపాటి నీటికుక్కల తోళ్ళ లాభం కోసం వర్తకులు మహాసముద్రాలు దాటుతున్నారే, సాటి మనుషుల ఆత్మల మీద మనకు ఆ మాత్రం ప్రేమ కూడా లేదా అన్నది అందులో ఆయన అడిగిన ప్రశ్న సారాంశం. తోళ్ళ ధర తెలిసినవాడు గనుకనే ఆ పోలిక అంత సూటిగా తగిలింది. అదే ఏడాది మే నెలాఖరులో నాటింగ్‌హామ్‌లో యెషయా గ్రంథం 54వ అధ్యాయం నుండి, గుడారాన్ని విశాలం చేయడం గురించి ప్రసంగించాడు. అక్టోబరు 2న కెట్టరింగ్‌లో ఒక విధవరాలి ఇంట కొద్దిమంది కాపరులు కూడి మిషనరీ సంఘాన్ని స్థాపించారు. ఆ రోజు చందాగా రాసుకున్న మొత్తం 13 పౌన్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు!

1793 జూన్ 13న కేరీ కుటుంబం డేన్మార్కు ఓడలో బయలుదేరి, నవంబరులో కలకత్తా చేరింది. ఇక్కడ మనం ఆగి ఒక బాధాకరమైన సంగతి చెప్పుకోవాలి. డొరోతీకి ఈ ప్రయాణం ఇష్టం లేదు. మూడు వారాల పసికందు ఒడిలో ఉండగా, చెల్లెలు తోడు వస్తుందన్న షరతు మీద చివరి నిమిషంలో ఒప్పుకుంది. ఇక్కడికి వచ్చాక పేదరికం, జ్వరాలు చుట్టుముట్టాయి. 1794లో ఐదేళ్ళ కొడుకు పీటర్ చనిపోయాడు. ఆ దెబ్బతో ఆమె మనసు చెదిరిపోయింది. 1807లో చనిపోయేవరకూ కోలుకోలేదు. పక్క గదిలో ఆమె కేకలు వేస్తుంటే ఈ గదిలో కేరీ అనువాదం చేసుకునేవాడు. ఆయన ఓర్పును మెచ్చుకునే మనం ఆమె బాధను మరచిపోకూడదు. భర్త పొందిన పిలుపుకు మూల్యం చెల్లించినది ఆమె కూడా. నేటి సేవకుల కుటుంబాల్లో కూడా డొరోతీలు ఉన్నారు. సంఘం వారిని కనిపెట్టి చూడాలి.

కొన్నేళ్ళు ముద్నాబతి అనే చోట నీలిమందు కర్మాగారంలో పనిచేస్తూ కేరీ బెంగాలీ, సంస్కృతం నేర్చుకున్నాడు. ఏడేళ్ళపాటు ఒక్క బెంగాలీ కూడా విశ్వాసి కాలేదు. 1800 జనవరిలో డేన్మార్కు వారి ఏలుబడిలో ఉన్న సేరంపూర్ చేరాడు. జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ ఆయనతో కలిశారు. మార్ష్‌మన్ నేతపనివాడి కొడుకు. వార్డ్ అచ్చుపని నేర్చినవాడు. వారి అచ్చుకూటానికి పంచానన కర్మకార్ అనే లోహపు పనివాడు అక్షరాలు చెక్కి ఇచ్చాడు. అదే ఏడాది డిసెంబరు 28న హుగ్లీ నదిలో మొదటి బెంగాలీ విశ్వాసిగా కృష్ణపాల్ బాప్తిస్మం పొందాడు. ఆయన వడ్రంగి. చూడండి, సేరంపూర్ పని ఎవరి చేతుల మీద లేచిందో! కేరీతో మొదలుపెట్టి అందరూ చేతిపనులవాళ్ళే.

ఇంగ్లాండులోని కొందరు పెద్దమనుషులకు ఇది నవ్వులాట అయింది. సిడ్నీ స్మిత్ అనే పేరుగల పాదిరి ఎడిన్‌బరో రివ్యూ పత్రికలో ఈ మిషనరీలను చెప్పులు కుట్టేవాళ్ళని ఎగతాళి చేశాడు. అప్పటికే కేరీ కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో బోధిస్తున్నాడు. మొదట నెలకు 500 రూపాయలు, తరవాత 1,000 రూపాయలు జీతం వచ్చేది. అందులో తన తిండికీ బట్టకూ కొద్దిపాటి ఉంచుకుని మిగతాదంతా సేరంపూర్ పనికే ఇచ్చేవాడు. ఒకనాడు గవర్నర్ జనరల్ ఇంట విందులో ఒక సైనికాధికారి, ఈ కేరీ ఒకప్పుడు బూట్లు తయారుచేసేవాడు కాదా అని పక్కవాణ్ణి వినబడేలా అడిగాడట. కేరీ ముందుకు వచ్చి, తాను అంతటివాణ్ణి కూడా కాదనీ, పాతవి బాగుచేసేవాణ్ణి మాత్రమేననీ చెప్పాడు. నిజానికి ఆయన కుట్టిన ఒక జత బూట్లను మంచి పనితనానికి నమూనాగా ఓల్డ్ తన అంగట్లో చూపించేవాడని చెబుతారు. అయినా ఎదుటివాడు కిందికి లాగడానికి వేసిన మాటకు ఆయన ఇంకో మెట్టు తానే దిగి నిలబడ్డాడు. సిగ్గు లేనివాణ్ణి సిగ్గుపరచడం ఎవరి తరం?

1812 మార్చి 11 సాయంత్రం సేరంపూర్ అచ్చుకూటం తగలబడింది. పన్నెండేళ్ళ కష్టం బూడిద అయింది. కాగితం, అచ్చు అక్షరాలు, రాతప్రతులు పోయాయి. కేరీ ఎంతో కాలంగా కూర్చుతున్న బహుభాషా నిఘంటువు పోయింది. మన తెలుగువాళ్ళం ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది, ఆయన రాసిన తెలుగు వ్యాకరణం కూడా ఆ మంటల్లోనే పోయింది. కలకత్తాలో ఉన్న కేరీకి మర్నాడు మార్ష్‌మన్ ఆ వార్త చేర్చాడు. మరొకడైతే అక్కడితో కుప్పకూలిపోయేవాడు. కేరీ మళ్ళీ కూర్చున్నాడు. ఒకసారి నడిచిన దారిలో రెండోసారి నడక సులువవుతుందని తనకు తాను ధైర్యం చెప్పుకున్నాడు. బూడిదలో కరిగి గడ్డకట్టిన సీసాన్ని తవ్వి తీసి కొత్త అక్షరాలు పోతపోశారు. కుట్టు ఊడిన చోట మళ్ళీ కుట్టడం ఆ చేతులకు కొత్త కాదు. కాలిపోయిన తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయి బయటికి వచ్చింది. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రెండేళ్ళు ముందు, బ్రౌన్ వ్యాకరణానికి ఇరవై ఆరేళ్ళు ముందు!

తెలుగువారికి సేరంపూర్ చేసిన మేలు అంతటితో ఆగలేదు. విశాఖపట్నంలో పనిచేసిన డిగ్రాంజెస్ తదితరులు అనువదించిన తెలుగు సువార్తలు 1812లో అక్కడే అచ్చయ్యాయి. 1818లో సేరంపూర్ వారి తెలుగు కొత్త నిబంధన వెలువడింది. తరవాత వచ్చిన మెరుగైన అనువాదాలు దాని స్థానాన్ని తీసుకున్న మాట నిజమే. కేరీ బృందం పండితుల సాయంతో సుమారు 40 భాషల్లోకి బైబిలును మొత్తంగానో, కొంత భాగంగానో తెచ్చింది. వాటిలో చాలావాటిని తరవాతివారు సరిదిద్దవలసి వచ్చింది. తాను తెచ్చినది లోపం లేనిదని కేరీ ఎన్నడూ చెప్పుకోలేదు. మొదటి జత తయారైతేనే గదా, ఎక్కడ కరుస్తోందో తెలిసేది! 1818లోనే వారు స్థాపించిన సేరంపూర్ కళాశాలకు 1827లో డేన్మార్కు రాజు పట్టా ఇచ్చే అధికారాన్ని అనుగ్రహించాడు. నేడు మన తెలుగు ప్రాంతంలోని ఎందరో కాపరుల వేదాంత పట్టాల మీద ఉన్నది ఆ సేరంపూర్ పేరే. చెప్పులు కుట్టిన మనిషి నాటిన చెట్టు నీడలోనే కూర్చుని మన కాపరులు గ్రీకు, హీబ్రూ నేర్చుకుంటున్నారు.

1829 డిసెంబరులో సతీసహగమనాన్ని నిషేధించే శాసనం వచ్చింది. రామమోహన్ రాయ్ వంటి పెద్దలు చేసిన పోరాటంతో పాటు కేరీ ఏళ్ళ తరబడి చేసిన విన్నపాలు కూడా దానికి దోహదం చేశాయి. ఆ శాసనాన్ని బెంగాలీలోకి అనువదించమని ఆయనకు పంపారు. అది ఆదివారం ఉదయం. ఆలస్యమైన ప్రతి గంటా ఏదో ఒక స్త్రీ ప్రాణం తీయవచ్చునని, ఆనాటి ప్రసంగాన్ని వేరొకరికి అప్పగించి అనువాదానికి కూర్చున్నాడు, సాయంత్రానికి ముగించాడు. సాయంత్రం దాకా కదలకుండా కూర్చుని పని ముగించడం ఆయనకు బల్ల మీదే అలవడిన విద్య. తాను మేధావిని కాననీ, పట్టిన పనిని వదలకుండా మెల్లగా సాగడమొక్కటే తనకు చేతనవుననీ ఆయన తరచూ చెప్పుకునేవాడు. 1834 జూన్ 9న సేరంపూర్‌లో ప్రభువు సన్నిధికి చేరాడు. నలభై ఏళ్ళకు పైగా ఒక్కసారి కూడా స్వదేశానికి తిరిగి వెళ్ళలేదు.

ఇప్పుడు మనం మొదట వేసుకున్న ప్రశ్న దగ్గరకు వద్దాం. తోలుపనిని నీచంగా చూడడం లేఖనాల్లో నేర్చుకున్నది కాదు. ఆదాము హవ్వలకు చర్మపు చొక్కాలు తొడిగించినది దేవుడే. ప్రత్యక్షగుడారం పైకప్పుకు ఎర్రరంగు వేసిన పొట్టేళ్ళ తోళ్ళు కావాలన్నదీ ఆయనే. బెసలేలును తన ఆత్మతో నింపినది చేతిపని కోసమే. పౌలు డేరాలు కుట్టి బతికాడు. తోలు ఊనేవారిని యూదులు అపవిత్రులుగా చూసే రోజుల్లో పేతురు యొప్పేలో చర్మకారుడైన సీమోను ఇంట దిగాడు. దేవుడు పవిత్రం చేసినదాన్ని అపవిత్రమనకూడదన్న దర్శనం అతనికి కలిగినది ఆ ఇంటి మిద్దె మీదే. ఆ ఇల్లు దేవుడు కావాలని ఎంచుకున్నదని మేము నమ్ముతాం.

మన తెలుగు సంఘచరిత్రలో కూడా ఇదే జరిగింది. ఒంగోలు ప్రాంతంలో 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ పెద్ద. ఆయన ఊరూరా తిరిగి చెప్పిన సాక్ష్యంతో వందలమంది ప్రభువును తెలుసుకున్నారు. వారిని చేర్చుకుంటే మేము మా పిల్లల్ని మీ బడికి పంపమని పైకులాలవారు పట్టుబట్టినప్పుడు, మిషనరీ క్లౌ వారిని వదులుకోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన ఉజ్జీవానికి ముందుగా దారి వేసినవారిలో ఆ తోళ్ళ వ్యాపారి ఒకరు. సేరంపూర్‌లో 1803లో వడ్రంగి కృష్ణపాల్ కూతుర్ని బ్రాహ్మణ విశ్వాసి ఒకరు పెళ్ళి చేసుకున్నారు. రెండు వందల ఏళ్ళు దాటాయి. మన సంఘాల్లో పెళ్ళి సంబంధం మాట వచ్చినప్పుడు ఏం అడుగుతున్నామో మనకు తెలుసు. కేరీ పటాన్ని గోడకు తగిలించుకుని, ఆయన చేసిన పనిని ఇంటి పేరుతో పసిగట్టి దూరం జరిగితే, ఆయన్ని గౌరవించినట్టా?

తల్లిదండ్రులారా, మీ పెద్దలు ఆరె, రంపె పట్టినవారైతే ఆ సంగతి పిల్లలకు గర్వంగా చెప్పండి. ఆ పనిముట్లు ఇంట్లో ఇంకా ఉంటే అటకమీద దాచకండి, పిల్లల చేతికివ్వండి. యౌవనస్థులారా, హాబీగా తోలుపని నేర్చుకుంటున్నట్లయితే నేర్చుకోండి. మూల మీద కూర్చుని చెప్పులు బాగుచేసే పెద్దాయన దగ్గరకు వెళ్ళి, ఆ కుట్టు ఎలా వేయాలో మర్యాదగా అడగండి. ఆయన కంటే మంచి గురువు మీకు దొరకడు. సెలవుల్లో జరిగే బైబిలు బడుల్లో పిల్లలకు పాటలతో పాటు ఒక చేతిపని కూడా నేర్పుదాం. ఒక్కొక్క కుట్టే సరిగా వేయడం నేర్చుకున్న పిల్లవాడికి ఒక్కొక్క వచనమే ఓపికగా చదవడం కూడా అబ్బుతుంది.

ప్రతి ఆదివారం మనం గుడి గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికి వెళ్తాం. పరిశుద్ధ స్థలమని అలా చేస్తాం, మంచిదే. అయితే ఆ చెప్పులు కుట్టిన చేతులను కూడా వాటితో పాటే బయట విడిచిపెడుతున్నామేమో ప్రతి సంఘమూ తన్ను తాను పరీక్షించుకోవాలి. చర్మకారుని ఇంట పేతురును దింపి, చెప్పులు కుట్టిన చేతులతోనే మన భాషలో వాక్యాన్ని అచ్చువేయించిన ప్రభువు మనకు అట్టి వినయాన్ని, ఓర్పును, ఒకరినొకరు చేర్చుకునే ప్రేమను దయచేయును గాక. ఆమెన్.